మేడమీది దూరదర్శిని

దూరపు గెలాక్సీల ఛాయాచిత్రాలకు నేడు కొదవ లేదు. 1990లో కక్ష్యలో ప్రవేశించిన హబుల్ అంతరిక్ష దూరదర్శిని, 2021 డిసెంబరులో నింగికెగసిన జేమ్స్ వెబ్ దూరదర్శిని పంపిన చిత్రాలు ఎవరికైనా ఉచితంగానే లభిస్తున్నాయి. వాటి స్పష్టత ముందు ఇంట్లో ఉంచుకొనే ఏ చిన్న పరికరమూ నిలువలేదు. అటువంటప్పుడు ఒక ఉద్యోగి, ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి తన ఇంటి మేడమీదనో పెరటిలోనో చిన్న దూరదర్శినిని నిలిపి, మంచులో రాత్రంతా మేల్కొని, అవే గెలాక్సీలను మసకమసకగా చిత్రించుకోవడం ఎందుకు? ఇంతకన్న మంచి బొమ్మ క్షణంలో దొరుకుతుండగా ఇంత శ్రమ దేనికి? ఔత్సాహిక ఖగోళ ఛాయాగ్రాహకుణ్ణి ఇరుగుపొరుగువారు, ఒక్కొక్కప్పుడు ఇంటివారు సైతం, అడిగే ప్రశ్న ఇదే.

ప్రశ్న సమంజసమైనదే. కాని దాని వెనుక ఒక పొరపాటు దాగి ఉన్నది. చిత్రమొక్కటే ఫలమనీ, దానిని సాధించే మార్గమంతా వృథా ప్రయాస అనీ అడిగేవారి భావన. అదే నిజమైతే మన పిల్లలకు సంగీతం నేర్పించనక్కరలేదు. మహావిద్వాంసుల కచేరీలు ఎన్నో ముద్రితమై ఉన్నాయి. అయినా సాయంకాలం వేళ ఏదో ఒక ఇంటి వసారాలోనుంచి సరళీస్వరాలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ అపస్వరాల మధ్య ఒక చెవి సిద్ధమవుతున్నదని మనకు తెలుసు. నా అభిప్రాయంలో పెరటి దూరదర్శినితో గెలాక్సీని చిత్రించడం కూడా అటువంటి సాధనే. ఒక విషయం నిజమని చెప్పడానికి ముందు మనిషికి ఎంత ఓర్పు, ఎంత ఆత్మపరీక్ష అవసరమో ఆ పని నేర్పుతుంది. ఆ విద్యను ఏ అంతరిక్ష సంస్థా ఉచితంగా పంపిణీ చేయలేదు.

ఉదాహరణకు ఆండ్రోమెడా గెలాక్సీని తీసుకుందాం. దీనిని దేవయాని అని కూడా వ్యవహరిస్తారు. వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడిన కార్తిక మాసపు రాత్రులలో ఇది తెలుగు ప్రాంతాలవారికి నడినెత్తికి కొంత ఉత్తరంగా నిలుస్తుంది. ఉత్తరాభాద్ర నక్షత్రంగా చెప్పుకొనే జంట చుక్కలలో ఉత్తరపు చుక్కనుంచి ఈశాన్యంగా రెండవ చుక్క వరకు వెళ్లి, అక్కడినుంచి వాయవ్యంగా మరలి మరి రెండు చిన్న చుక్కలను దాటితే, చీకటి గల పల్లెలలో కంటికి ఒక మబ్బుతునక వంటి మసక కనిపిస్తుంది. ఆ మసక, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మహా నక్షత్రసమూహం. ఈ రాత్రి మన కంటిని తాకే వెలుగు అక్కడ బయలుదేరిన కాలానికి భూమిమీద నేటి మానవజాతి పుట్టనే లేదు; మన పూర్వజాతులు రాతి పనిముట్లు చేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. ఆకాశంలో ఈ గెలాక్సీ పొడవు మూడు డిగ్రీలకు పైమాటే. అంటే ఆరు పూర్ణచంద్రబింబాలను వరుసగా పేర్చినంత. ఇంత పెద్దదైనా కంటికి దాని నడిమి భాగం మాత్రమే లీలగా తోస్తుంది.

దీనికి కారణం మన కంటి స్వభావంలోనే ఉన్నది. కన్ను తనపై పడిన వెలుగును సెకనులో స్వల్పభాగం మాత్రమే నిలుపుకొని, వెంటనే విడిచి, కొత్త వెలుగును స్వీకరిస్తుంది. కదిలే ప్రపంచంలో బ్రతకడానికి అది అవసరమైన గుణమే. కెమెరా అటువంటిది కాదు. తలుపు తెరచి ఉంచినంతసేపూ తనలోకి వచ్చిన కాంతి కణాలను ఒక్కటొక్కటిగా దాచుకొంటుంది. బిందువు బిందువు కలిస్తే సింధువు అన్న మన సామెత దానికి అక్షరాలా వర్తిస్తుంది. ఎంతసేపు తేరిపార చూసినా కంటికి అందని గెలాక్సీ బాహువులు నిమిషాల తరబడి కాంతిని కూడబెట్టిన కెమెరాకు అందుతాయి.

ఈ రహస్యాన్ని గ్రహించి ఆకాశ ఛాయాగ్రహణానికి బాటవేసిన వారిలో పలువురు ఔత్సాహికులే కావడం గమనించదగినది. ఆండ్రూ కామన్ అనే ఆంగ్లేయుడు వృత్తిరీత్యా పారిశుద్ధ్య ఇంజనీరు. లండను సమీపాన ఈలింగ్‌లోని తన ఇంటి తోటలో 36 అంగుళాల దర్పణంతో దూరదర్శినిని నెలకొల్పి, 1883 జనవరిలో మృగశిర ప్రాంతపు నీహారికను చిత్రించాడు. అంతవరకు ఏ కంటికీ కనిపించని నక్షత్రాలు ఆ చిత్రంలో కనిపించాయి. ఐజాక్ రాబర్ట్స్ భవన నిర్మాణ వ్యాపారి. లివర్‌పూల్ దగ్గరి మాగల్ అనే చోట 20 అంగుళాల దూరదర్శినితో 1888 డిసెంబరు 29న ఆయన తీసిన చిత్రంలో ఆండ్రోమెడా సర్పిలాకారం తొలిసారి స్పష్టమైంది. అది మరొక సౌరకుటుంబం ఏర్పడుతున్న దృశ్యమని ఆనాటివారు భావించారు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ అమెరికాలోని మౌంట్ విల్సన్‌పై 100 అంగుళాల దూరదర్శినితో అదే ఆండ్రోమెడాను చిత్రించి, అందులో ఒక చంచల తారను గుర్తించిన తరువాతనే అది మన పాలపుంతకు వెలుపల ఉన్న వేరొక గెలాక్సీ అని రుజువైంది. రాబర్ట్స్ చేసిన వ్యాఖ్య తప్పింది. తీసిన చిత్రం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. నిజాయితీగా చేసిన పరిశీలనకు, దానిపై మనం చెప్పే భాష్యానికి గల తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఈ ఆసక్తి పాశ్చాత్యులకే పరిమితమైనదని అనుకోరాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే తన సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని పోషించి, 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిన అరుదైన ఘట్టాన్ని పరిశీలించారు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణలో 15 అంగుళాల దూరదర్శినితో ప్రారంభించిన వేధశాలే ఆయన మరణానంతరం నిజామియా వేధశాల అయింది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో నమోదు చేయడానికి పలు దేశాలు కలసి చేపట్టిన మహాప్రయత్నంలో ఆ వేధశాల కూడా పాలుపంచుకొన్నది. అంటే ఒక ఇంటి ఆవరణలో మొలకెత్తిన అభిరుచి నుంచే మన రాజధానీ నగరంలో ఆకాశ ఛాయాగ్రహణం ఆరంభమైనదన్నమాట. జమీందార్లకు, నవాబులకు మాత్రమే సాధ్యమైన ఆ పని నేడు మధ్యతరగతి ఇంటి మేడమీదికి వచ్చింది. వచ్చిన అవకాశాన్ని ఎలా వినియోగించుకుంటామన్నదే ప్రశ్న.

అయితే అవకాశం ఉన్నంతమాత్రాన చిత్రం చేతికి రాదు. మొదటి ఆటంకం మన కాళ్లకింది భూమే. అది తిరుగుతూ ఉండటంవల్ల దూరదర్శినిలోని దృశ్యం నిలువదు. రెండు నిమిషాలు గడిచేసరికి నక్షత్రం చంద్రబింబం వెడల్పంత పక్కకు జరిగిపోతుంది. అందుచేత దూరదర్శినిని మోసే పీఠపు అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా నిలిపి, భూమి తిరిగే వేగంతోనే దానిని ఎదురు దిశలో తిప్పాలి. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో ఆ అక్షం నేలకు దాదాపు 17 డిగ్రీల ఎత్తులో ఉత్తరానికి చూస్తూ ఉండాలి. ఎందుకంటే మన ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువస్థానం ఎత్తు అంత. మనకు ధ్రువ నక్షత్రం దిగంతానికి అంత చేరువలో ఉంటుంది; ఎదుటి భవనమో, కొబ్బరిచెట్టో దానిని సులభంగా కప్పివేస్తుంది. అది కనిపించినా చిక్కు తీరదు. ధ్రువుడు అచంచలుడని పురాణం చెప్పినా, నేటి ధ్రువ నక్షత్రం అసలు ధ్రువబిందువుకు చంద్రబింబం వెడల్పును మించిన దూరంలో ఉండి దాని చుట్టూ చిన్న ప్రదక్షిణం చేస్తూనే ఉంటుంది. ఆ స్వల్పమైన తేడాను లెక్కలోకి తీసుకోనివాని చిత్రంలో చుక్కలు గీతలవుతాయి. పుస్తకంలో అక్షాంశం అన్న మాటను ఎన్నోసార్లు చదివి మార్కులు పొందినవానికి, అది తన మేడమీద ఒక మరను బిగించే కోణమని తెలిసిన క్షణాన కలిగే అనుభూతి వేరు.

రెండవ ఆటంకం కాంతి అల్పత్వం. ఒక చిత్రంలో గెలాక్సీ వెలుగుతోపాటు చిల్లర మచ్చలు, రేణువులవంటి అలజడి కూడా ఉంటాయి. అందుచేత ఔత్సాహికులు ఒకే దృశ్యాన్ని పదులు, వందల సార్లు చిత్రించి, వాటిని కంప్యూటరు సహాయంతో ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తారు. నిజమైన వెలుగు ప్రతి చిత్రంలోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. అలజడి ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది కాబట్టి తగ్గుతుంది. కాని ఈ లాభం ఒక కఠిన నియమానికి లోబడి ఉన్నది. చిత్రాల సంఖ్యకు వర్గమూలం ఎంతో, స్పష్టత అన్ని రెట్లే పెరుగుతుంది. నూరు చిత్రాలు తీస్తే పది రెట్లు. స్పష్టతను రెట్టింపు చేయాలంటే నాలుగు రెట్లు సేపు మేలుకోవాలి. ఒక రాత్రి చాలకపోతే మరొక రాత్రి, మబ్బు పడితే వచ్చే అమావాస్య. అడ్డదారి లేదు. ప్రతిదానికీ తక్షణఫలం ఆశించే ఈ రోజులలో ఫలానికి, శ్రమకు నడుమనున్న నిష్పత్తిని ఇంత నిష్కర్షగా చెప్పే గురువు మరొకటి లేదనిపిస్తుంది.

ఈ సాధనలో నన్ను అన్నిటికన్న మిక్కిలిగా ఆకర్షించిన ఘట్టం వేరొకటి ఉన్నది. గెలాక్సీని చిత్రించడం ముగించిన తరువాత ఛాయాగ్రాహకుడు దూరదర్శినికి మూత పెడతాడు. మూత పెట్టిన తరువాత కూడా, అదే ఉష్ణోగ్రతలో, అంతే వ్యవధితో మరికొన్ని చిత్రాలు తీస్తాడు. కటిక చీకటి చిత్రాలు. చూసేవారికి ఇది వెర్రితనంగా తోచవచ్చు. కాని ఆ చీకటిలోనూ కెమెరా కొన్ని చుక్కలను చూపిస్తుంది. అవి ఆకాశానివి కావు. కెమెరా వేడివల్ల, దానిలోని లోపాలవల్ల పుట్టినవి. వీటిని డార్క్ ఫ్రేములు అంటారు. తరువాత దూరదర్శిని ముఖానికి తెల్లని బట్ట కప్పి, తెల్లవారుజామున వెలుగు సమంగా పరచుకొన్న ఆకాశం వైపు తిప్పి మరికొన్ని చిత్రాలు తీస్తాడు. వీటిని ఫ్లాట్ ఫ్రేములు అంటారు. వీటిలో అద్దాలమీద, కెమెరాలో అంటుకొన్న ధూళిరేణువుల నీడలు, అంచులలో వెలుగు తగ్గిన తీరు బయటపడతాయి. ఈ రెండు రకాల దోషాలనూ గుర్తించి, వాటిని అసలు చిత్రంనుంచి తొలగించిన తరువాతనే అతడు గెలాక్సీ ఇలా ఉన్నదని చెప్పడానికి అర్హుడవుతాడు.

ఈ పద్ధతిలోని అంతరార్థాన్ని యువతీయువకులు గ్రహించాలి. ఎదుట ఉన్నదాన్ని గురించి మాట్లాడబోయే ముందు తన పరికరం తనంతట తానుగా ఏమేమి కల్పిస్తున్నదో తెలుసుకోవాలి. మన మనస్సు కూడా ఒక పరికరమే. దానికీ వేడి ఉన్నది. దానిమీదా ధూళి ఉన్నది. ఒక వ్యక్తిని గురించో, ఒక వర్గాన్ని గురించో, విన్న వార్తను గురించో తీర్పు చెప్పేముందు మూతపెట్టి ఒక చీకటి చిత్రం తీసుకొనేవారు మనలో ఎందరు? విజ్ఞానశాస్త్రం మనకు ఇచ్చిన యంత్రాలకన్న, సొంత దోషాన్ని ముందుగా కొలుచుకొనే ఈ అలవాటే గొప్పదని నా నమ్మకం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. ఈ చిత్రాలలోని రంగులు కంటికి కనిపించవు కదా, కంప్యూటరులో ఇంతగా సవరించిన చిత్రం నిజమెలా అవుతుందని. మసక వెలుగులో మన కన్ను రంగులను గుర్తించలేదు. అంతమాత్రాన రంగులు లేవని అర్థం కాదు. గెలాక్సీ నడిమి భాగపు పసుపు వృద్ధ నక్షత్రాలది, బాహువుల నీలిమ యవ్వనంలో ఉన్న ఉష్ణ నక్షత్రాలది, అక్కడక్కడి ఎరుపు హైడ్రోజన్ వాయుమేఘాలది. ఉన్న వెలుగును కనిపించేటట్లు పెంచడం తప్పు కాదు. లేనిదాన్ని చేర్చడం తప్పు. ఈ హద్దు నేడు మునుపటికన్న ముఖ్యమైంది. కృత్రిమ మేధతో పనిచేసే కొన్ని సాధనాలు ఇతర చిత్రాలలో నేర్చుకొన్న వివరాలను మన మసక చిత్రంలో నింపివేయగలవు. అప్పుడు చిత్రం అందంగా ఉంటుంది. కాని అందులో మన మేడమీద దిగిన వెలుగు ఎంతో, అరువు తెచ్చుకొన్నది ఎంతో చెప్పలేము. అటువంటి సొగసుకన్న, చేసిన సవరణలన్నిటినీ దాపరికం లేకుండా చెప్పగలిగిన మసక చిత్రమే మేలు. పరీక్షలో చూచి వ్రాసిన సరియైన జవాబుకూ, స్వయంగా చేసిన లెక్కకూ ఉన్న తేడా ఇది.

నిజాయితీగా తీసిన చిత్రం ఒక్కొక్కప్పుడు ఊహించని విలువను సంతరించుకొంటుంది. అర్జెంటీనా దేశంలోని రొసారియో నగరంలో విక్టర్ బూసో అనే ఔత్సాహికుడున్నాడు. తాళాల పని ఆయన వృత్తి. 2016 సెప్టెంబరు 20 రాత్రి, తన ఇంటిపైన ఉన్న 40 సెంటీమీటర్ల దూరదర్శినికి కొత్త కెమెరా అమర్చి, అది సరిగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించడానికి నడినెత్తిన ఉన్న ఎన్‌జీసీ 613 అనే గెలాక్సీని చిత్రించసాగాడు. నగరపు వెలుగువల్ల ఒక్కొక్క చిత్రానికి 20 సెకన్లకన్న ఎక్కువ వ్యవధి ఇవ్వలేకపోయాడు. ఆ చిత్రాల వరుసలో ఒక కొత్త చుక్క పుట్టి క్రమంగా ప్రకాశించింది. సుమారు 8 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక నక్షత్రం సూపర్‌నోవాగా పేలిన తొలి క్షణాల వెలుగు అది. పెద్ద వేధశాలలకు సైతం అరుదుగా దక్కే ఆ ఘట్టం ఒక తాళాల పనివాని మేడమీద నమోదైంది. ఆయన కూడా రచయితలలో ఒకరుగా ఉన్న ఆ పరిశోధన 2018 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వెలువడింది.

2023 మే 19న జపాన్ దేశపు ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి, 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం 101 గెలాక్సీలో మరొక సూపర్‌నోవాను కనుగొన్నాడు. వార్త తెలియగానే అనేక దేశాల ఔత్సాహికులు తమ పాత చిత్రాలను వెదికారు. ఆ ముందు గంటలలో తమ అభిరుచి కొద్దీ అదే గెలాక్సీని చిత్రించినవారు కొందరున్నారు. ఆ చిత్రాల ఆధారంగా పేలుడు ఎప్పుడు మొదలైందో శాస్త్రజ్ఞులు మరింత ఖచ్చితంగా నిర్ణయించగలిగారు. ఇంతకన్న మంచి బొమ్మ ఉన్నది కదా అని వారందరూ నిద్రపోయి ఉంటే ఆ ఆధారం ఉండేది కాదు. హబుల్ తీసిన అందమైన చిత్రం ఆ గెలాక్సీ ఒకనాడు ఎలా ఉన్నదో చెబుతుంది. ఆ రాత్రి ఎలా ఉన్నదో చెప్పగలిగినవారు ఆ రాత్రి మేల్కొన్నవారే.

ఆండ్రోమెడా విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. ఆకాశంలో ఇంతకన్న ఎక్కువసార్లు చిత్రించిన గెలాక్సీ లేదనవచ్చు. అయినా 2022లో ఫ్రాన్స్, జర్మనీ దేశాల ఔత్సాహికులు యాన్ సాంటీ, జేవియర్ స్ట్రోట్నర్, మార్సెల్ డ్రెక్స్‌లర్ కేవలం 106 మిల్లీమీటర్ల దూరదర్శినితో వందగంటలకు పైగా కాంతిని కూడబెట్టి, ఆ గెలాక్సీ పక్కనే మూడు చంద్రబింబాలంత పొడవైన ఒక మసక చాపాన్ని కనుగొన్నారు. ఆక్సిజన్ వాయువు వెదజల్లే ప్రత్యేకమైన వెలుగును మాత్రమే పోనిచ్చే వడపోత అద్దం వారికి తోడ్పడింది. ఆ చాపం ఆండ్రోమెడా దగ్గరిదా, లేక మన పాలపుంతలోనిదా అన్నదానిపై శాస్త్రజ్ఞుల చర్చ ఆ తరువాత సాగింది. అందరూ చూసినదే అయినా, అందరూ చూసినంతసేపే చూడటంవల్ల అది అంతకాలం కనబడకుండా ఉండిపోయింది.

అయితే ఇటువంటి కీర్తిని ఆశించి దూరదర్శిని కొనమని నేను చెప్పను. నూటికి తొంభైతొమ్మిది మంది ఏ కొత్త నక్షత్రాన్నీ కనుగొనకుండానే తమ సాధనను ముగిస్తారు. వారి సాధన వ్యర్థం కాదనే నా వాదం. ఖర్చు సంగతి కూడా దాచవలసిన పని లేదు. మంచి పీఠం, దూరదర్శిని, కెమెరా కలసి ఒక ద్విచక్రవాహనం వెలను దాటవచ్చు. సామాన్య కుటుంబానికి ఇది భారమే. అందుకే ప్రతి జూనియర్ కళాశాలకూ ఒక దూరదర్శిని ఉండాలంటాను. గ్రంథాలయంలో పుస్తకం వలె అది పదిమందిదీ కావాలి. అది లేనిచోట సాధారణ కెమెరాను ముక్కాలిపీటమీద నిలిపి, కొద్ది సెకన్ల వ్యవధితో పదేపదే చిత్రించి పేర్చినా ఆండ్రోమెడా నడిమి వెలుగు దక్కుతుంది. ఇటీవల అన్ని పనులనూ తనంతట తానే చేసుకొనే చిన్న దూరదర్శినులు కూడా వచ్చాయి. తలుపు తెరవడానికి అవి మంచివే. కాని అక్షం నిలపడం, చీకటి చిత్రం తీయడం, దోషాన్ని తీసివేయడం విద్యార్థి ఒక్కసారైనా తన చేతులతో చేయాలి. అన్నీ యంత్రమే చేసినప్పుడు చేతిలో మిగిలేది మళ్లీ చిత్రమొక్కటే.

ఇంతకన్న పెద్ద అవరోధం డబ్బుతో తీరేది కాదు. అది చీకటి కరవు. 2016లో వెలువడిన ప్రపంచ కాంతి కాలుష్య పటం ప్రకారం మానవులలో మూడవవంతుకు పైగా తమ నివాసంనుంచి పాలపుంతను చూడలేకపోతున్నారు. ప్రపంచవ్యాప్తంగా వేలాది సామాన్యులు తమ కళ్లతో చుక్కలను పోల్చి పంపిన పరిశీలనల ఆధారంగా, 2011 నుంచి 2022 వరకు రాత్రి ఆకాశపు వెలుతురు ఏటా సగటున పదిశాతానికి దరిదాపుగా పెరిగినట్లు 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈ లెక్కన ఒక శిశువు పెరిగి కళాశాలకు వచ్చేసరికి అతడు పుట్టిననాటి చుక్కలలో పెక్కు మాయమవుతాయి. మన దీపావళినే చూడండి. అది అమావాస్య, వానలు తగ్గిన కాలం, రాత్రి పది గంటల ప్రాంతంలో ఆండ్రోమెడా తన ఉచ్చస్థానానికి చేరుకొంటుంది. దాన్ని చూడటానికి ఏడాదిలో అంతకన్న అనువైన రాత్రి అరుదు. ఆ రాత్రే మన ఆకాశం పొగతో, వెలుగుతో నిండిపోతుంది. పండుగ మానుకోమని నా ఉద్దేశం కాదు. మనం పోగొట్టుకొంటున్నది ఏమిటో తెలిసి ఉండాలని మాత్రమే.

నదిని కలుషితం చేస్తే శుద్ధి చేయడానికి ఏండ్లు పడుతుంది. ఆకాశపు కాలుష్యం దీపం ఆర్పిన క్షణంలోనే తొలగిపోతుంది. వీధిదీపానికి పైన కప్పు పెట్టి వెలుగును నేలకే పరిమితం చేయడం, అవసరం లేని వేళ దీపాలను ఆర్పడం, కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని దీపాలకు బదులు మెత్తని పసుపు వెలుగును వాడటం ఎవరికీ కష్టం కాదు. విద్యుత్తు కూడా ఆదా అవుతుంది. లడఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించి, గ్రామస్థులకు దూరదర్శినులిచ్చి శిక్షణ కూడా ఇచ్చారు. చీకటి అక్కడివారికి లోటుగా కాక సంపదగా మారింది. మేడమీద దూరదర్శిని నిలిపినవాడు తన వీధి దీపాన్ని మొదటిసారిగా పరిశీలనగా చూస్తాడు. గెలాక్సీని ప్రేమించడం మొదలుపెట్టినవాడు చివరకు తన ఊరి పంచాయతీకో, పురపాలక సంఘానికో ఒక విజ్ఞాపన వ్రాసే పౌరుడు కావడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

విద్యార్థులారా! మీరు చదువుకొనే పుస్తకాలలోని సత్యాలన్నీ ఎవరో ఒకరు ఒక రాత్రి మేలుకొని, తన తప్పులను తీసివేసుకొని, మిగిలినదాన్ని మనకు అప్పగించినవే. వాటిని కంఠస్థం చేయడం అవసరమే. కాని జీవితంలో కనీసం ఒక్క సత్యాన్నైనా మీ అంతట మీరు మొదటినుంచి చివరివరకు సంపాదించి చూడండి. అది మసక మబ్బుతునక వంటి గెలాక్సీ చిత్రమే కావచ్చు. ఇరవై అయిదు లక్షల ఏండ్లు ప్రయాణించి వచ్చిన వెలుగు ఈ కార్తికంలోనూ మీ మేడమీద దిగుతుంది. ఎవరూ మేలుకొని లేకపోతే అది నేలపాలవుతుంది. ఆ రాత్రి వీధిదీపాన్ని కాసేపు ఆర్పమని పొరుగువారిని అడిగి చూడండి. ఎందుకని వారు అడిగితే వారినీ మేడమీదికి పిలవండి.